వార్డు వీడియో ఛానల్లో వచ్చింది, ఫిర్యాదు చేస్తే ఇంకా రచ్చవుతుందా? – సమాధానం

మానసిక వైద్యశాలలో ఉన్న మీ తమ్ముడి వీడియో విశాఖ లోకల్ ఛానల్లో వచ్చిందని, ఫిర్యాదు చేస్తే ఊరంతా తెలుస్తుందేమోనని రాశారు. భయం సహజమే. కానీ పరువు పోకుండానే నిలదీయొచ్చు.

ముందు లింకు, తేదీ, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. తీసేయమని తొందరపడి అడిగితే సాక్ష్యం పోతుంది. వీడియోని మీరు ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, "చూడండి ఈ అన్యాయం" అని కూడా!

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, సెక్షన్ 24 ప్రకారం రోగి సమ్మతి లేకుండా ఫొటో గానీ సమాచారం గానీ మీడియాకు ఇవ్వకూడదు. సెక్షన్ 28 కింద ఆ ఆసుపత్రి బాధ్యత చూసే మెడికల్ ఆఫీసర్‌కు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. జవాబు తృప్తిగా లేకపోతే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు (ఈ చట్టం కింద ఇలాంటి ఫిర్యాదులు వినే బోర్డు) వెళ్ళండి. సంతకం తమ్ముడిదైతే మేలు. ఆయన ప్రతినిధిగా ఎవరినీ నియమించుకోకపోతే బంధువుగా మీరు చేయొచ్చు. వేరే ఎవరినైనా నియమించుకుని ఉంటే వాళ్ళే చేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఈ చట్టాన్ని మీరినవాళ్ళకు మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

అది సర్కారు ఆసుపత్రి అయితే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. వార్డులో ఫోన్ల నియమాలేంటి, ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఏం చర్య తీసుకున్నారు అని మాత్రమే అడగండి. తమ్ముడి పేరు రాశారో, అది ఇంకో ఫైలుకెక్కుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు.