క్లోండైక్ బంగారం కోసం వెళ్లినవారంతా ధనవంతులయ్యారా?

లేదు. చాలామందికి దారి ఖర్చులు కూడా తిరిగి రాలేదు.

1896 ఆగస్టులో కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, క్లోండైక్ నదిలో కలిసే ఒక వాగులో బంగారం దొరికింది. 1897 జులైలో ఆ బంగారంతో ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ రేవులకు రాగానే జనం ఉద్యోగాలు వదిలేసి కదిలారు. సుమారు లక్ష మంది బయలుదేరారని, బంగారం దొరికిన చోటికి దగ్గరున్న డాసన్ పట్టణం చేరింది 30, 40 వేల మందేనని అంచనా.

మిగతావారిని ఆపింది దారే. ఏడాదికి సరిపడా తిండి లేనివారిని కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. ఆకలిచావులను తప్పించిన మంచి నియమం అది. కానీ పనిముట్లతో కలిపి సామాను దాదాపు ఒక టన్ను! సరిహద్దులోని చిల్కూట్ కనుమలో మంచును చెక్కిన మెట్ల మీదుగా దాన్ని వీపున మోయాలి. కొంత పైకి చేర్చి, కిందికి దిగి, మళ్లీ ఎక్కాలి. ఇలా ఒక్కొక్కరు పదుల సార్లు ఎక్కారు. పక్కనున్న వైట్ కనుమలో దాదాపు 3,000 గుర్రాలు చనిపోయాయి.

తీరా చేరేసరికి మంచి జాగాలన్నీ అప్పటికే అక్కడున్నవారి పేరున ఉన్నాయి. కొత్తగా వచ్చినవారిలో ఎందరో కూలికి కుదిరారు. అక్కడి నేల లోతున ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. మంట వేసి, కరిగినంత మేర తవ్వి, ఆ మట్టిని వేసవిలో వాగు పారాక కడిగేవారు. స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు), టైఫాయిడ్ చాలామందిని పీడించాయి.

నన్ను ఎక్కువగా కలచివేసేది అక్కడి ఆదివాసులైన హాన్ తెగవారి సంగతి. క్లోండైక్, యూకాన్ నదులు కలిసేచోట తరతరాలుగా వారు చేపలు పట్టుకున్న స్థావరం చేజారింది. వారు దిగువనున్న మూస్‌హైడ్‌కు తరలిపోవలసి వచ్చింది.