సంచి సర్దేది నువ్వు, తెరిచేది మరొకరు

అమ్మలూ,

పురిటికని హైదరాబాదు నుంచి చీపురుపల్లి వచ్చేశావు, సంతోషం. ఆసుపత్రి సంచిలో ఏమేమి పెట్టాలని నిన్న అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. నావి మూడు కాన్పులు, కూతుళ్ళవీ కోడలిదీ కలిపి ఐదు, ఇరుగుపొరుగు వారికి తోడు వెళ్ళినవి వేరే. నేను మంచం మీద ఉన్నప్పుడు కాదు, వరండాలో నిలబడ్డప్పుడే ఈ సంచి సంగతి నాకు బోధపడింది.

సర్దేది నువ్వే గానీ తెరిచేది నువ్వు కాదు. ఆ సమయానికి నువ్వు తలుపు అవతల ఉంటావు. మా పెద్దమ్మాయి కాన్పులో నర్సు తలుపు ఓరగా తీసి, ‘బిడ్డకు గుడ్డ ఇవ్వండి’ అంది. అల్లుడు సంచి బోర్లించినంత పని చేశాడు. నైటీలు వచ్చాయి, బిస్కెట్ల పొట్లం వచ్చింది, దువ్వెన వచ్చింది. గుడ్డలు మాత్రం ఎక్కడో అడుగున! నర్సు రెండోసారి అరిచేసరికి మీ పెదనాన్న భుజం మీది పొందూరు ఖద్దరు కండువా తీసి ఇచ్చేశారు. ఆ ఉదయమే ఉతుకు బట్ట కట్టుకున్నారు కనుక సరిపోయింది. మనవరాలు అందులోనే బయటకు వచ్చింది. ఆ కండువా ఆయన మళ్ళీ భుజాన వేసుకోలేదు, బీరువాలో దాచుకున్నారు.

అందుకే ఒకే పెద్ద సంచి వద్దు. పెళ్ళిళ్ళలో తాంబూలంతో ఇచ్చిన గుడ్డ సంచులు మీ అమ్మ దగ్గర బోలెడుంటాయి. వేర్వేరు రంగులవి మూడు తీసుకో. ఎర్రది బిడ్డకు, పచ్చది నీకు, మూడోది తోడు ఉండేవారికి. 36 వారాలు నిండేసరికి మూడూ తలుపు పక్కన ఉండాలి.

ఎర్ర సంచిలో మెత్తని పాత నూలు చీర చింపిన గుడ్డలు ఒక ఇరవై పెట్టు. పుట్టకముందే కొత్తబట్టలు కొనకూడదని మీ నానమ్మ పట్టుబడుతుంది. ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట కాదనకు. కొత్త బట్టకు గంజి ఉంటుంది, గరుకు. పాత చీరను వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, శుభ్రమైన కవరులో మూట కట్టు. పెద్ద గుడ్డలు రెండు అన్నిటికన్నా పైన ఉండాలి. ఒకటి బిడ్డను తుడవడానికి, రెండోది చుట్టడానికి. తుడిచిన తడిగుడ్డలోనే చుడితే పసివాళ్ళు ఇట్టే చల్లబడిపోతారు. ఉక్కపోతగా ఉన్నా సరే, టోపీ, మేజోళ్ళు తప్పనిసరి.

సబ్బు, నూనె, పౌడరు, కాటుక ఇంట్లోనే ఉంచు. మొదటిరోజు స్నానమే చేయించరు. మీ అమ్మ తేనె సీసా పెట్టి ఉంటుంది, నాకు తెలుసు. నెమ్మదిగా తీసేయ్. బిడ్డకు ముందుగా అందవలసింది నీ ముర్రుపాలు, అవీ పుట్టిన గంటలోపే. పాలసీసా కూడా అక్కర్లేదు.

నీ సంచిలో ముందు బొత్తాలున్న ముదురురంగు నైటీలు మూడు, పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. లోదుస్తులు నీ కొలతకంటే ఒక సైజు పెద్దవి కొను. ఆపరేషన్ అయితే కుట్ల మీద నాడా ఒత్తుకుంటే ప్రాణం పోతుంది. జారని చెప్పులు, ఫ్లాస్కు, గ్లాసు, చెంచా సరే. నగలు వద్దు. మంగళసూత్రాలు కూడా తీయమంటారు, అక్కడ ఏడవకుండా ముందే పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకో. గోళ్ళ రంగు చెరిపేసి వెళ్ళు, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పరికరానికి అది అడ్డు.

కాగితాలు ఏ సంచిలోనూ వద్దు. జిప్పు ఉన్న ప్లాస్టిక్ ఫైలులో తల్లీబిడ్డ కార్డు, స్కానింగులు, రక్తపరీక్షలు, ఆధార్ నకళ్ళు పెట్టి మీ అమ్మ చేతికివ్వు. పైన ఒక తెల్లకాగితం మీద నీ రక్తం గ్రూపు, పడని మందులు, మీ ఇద్దరి పేర్లూ ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం పోకుండా రాయి. జనన ధ్రువపత్రానికి వివరాలు అడిగినప్పుడు ఎదురుగా ఎవరుంటే వారే చెబుతారు. మా చిన్నవాడి పత్రంలో నా పేరు తప్పుపడి, దాన్ని దిద్దించుకోవడానికి నాలుగుసార్లు తిరిగాను.

మూడో సంచిని అందరూ మరచిపోతారు. చాప, దుప్పటి, మీ అమ్మ బీపీ మాత్రలు, ఫోను ఛార్జరు, చిల్లర. వరండాలో కూర్చున్నావిడ కళ్ళు తిరిగి పడితే నిన్ను చూసేదెవరు?

నీ తేదీ అక్టోబరు నెలాఖరు అన్నావు. మన వైపు అది తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, ఏటీఎంలూ పనిచేయలేదు. కాబట్టి టార్చిలైటు, నిండుగా ఛార్జి చేసిన పవర్‌బ్యాంకు, చేతిలో కొంత నగదు ఉండాలి. వాయుగుండమని వార్త వినగానే డాక్టరుకు ఫోను చేసి, ముందే విజయనగరం ఆసుపత్రికి చేరడం గురించి అడుగు. ఇంకొకటి. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఆ రోజు మూడులాంతర్ల నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలదు. బయటి దారి ఏదో కారు డ్రైవరును ముందే అడిగి పెట్టుకోండి. 108 నంబరు అందరికీ తెలిసిందే.

ఉమ్మనీరు పోతే టైము చూసుకో, రంగు చూడు. ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా సంచి మాట మరచిపోయి బయలుదేరు. మూటలు తర్వాత ఎవరో ఒకరు తెస్తారు.

ఈ ఆదివారం మీ ఆయన వస్తాడు కదా. రాత్రి దీపాలార్పి, ‘బిడ్డకు గుడ్డ ఇవ్వండి’ అని నువ్వే నర్సులా కేకెయ్. ఎంతసేపు వెతికాడో నాకు ఫోను చేసి చెప్పు.

మీ పెద్దమ్మ