ఉరికంబం దాకా అంత తొందరెందుకు?

గుంటూరు, బ్రాడీపేట

అమ్మాయీ,

నీ కథ చదివాను. హత్య చేసి ఉరిశిక్ష పడ్డ మనిషి, తన కథ తనే చెప్పుకుంటాడు. బెజవాడలో కూర్చుని ఇలాంటిది ఎత్తుకున్నావంటే మెచ్చుకోవాల్సిందే. కానీ కథలో ముప్పాతిక వంతు అతని చిన్నతనానికే పోయింది. తాగుబోతు తండ్రి, అన్నం పెట్టని పిన్ని, బళ్లో దెబ్బలు. హత్య నాలుగు లైన్లలో అయిపోయింది. చచ్చిపోయినవాడికి పేరు కూడా పెట్టలేదు నువ్వు. చదువుతుంటే ముద్దాయి తరఫు ప్లీడరు దాఖలు చేసిన కాగితంలా ఉంది.

మన దగ్గర జరిగిన కేసే ఒకటి ఉంది, చిలకలూరిపేట బస్సు దహనం. ఆ ఊరు ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉందిగానీ అప్పుడు గుంటూరు జిల్లాయే. 1993 మార్చి 8, తెల్లవారుజాము. హైదరాబాద్ నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు కుర్రాళ్లు దోపిడీకి దిగి, పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది చనిపోయారు. ఆ కుర్రాళ్లు దళితులు, పేదవాళ్లు. రాయడానికి కూర్చుంటే నీకు ముందు తోచేది ఆ పేదరికమే. తోచాలి కూడా. అయినా మొదట బస్సు రాయి. ఊరు దగ్గరపడిందని సంచీ సర్దుకుంటున్న వాళ్లెవరో, పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్నదెవరో, అంతా మెలకువలోకి వచ్చేసరికి తలుపు దగ్గర ఏం జరుగుతోందో రాయి. అదంతా భరించిన పాఠకుడే ఆ తర్వాత ముద్దాయి ఇంటికి నీ వెంట వస్తాడు. ముందే ఇంటికి తీసుకెళితే జాలిపడి అక్కడే ఆగిపోతాడు.

ఇక రెండో సంగతి. నీ కథలో జడ్జిగారు తీర్పు చదవగానే తర్వాతి పేజీలో ఉరి. అలా జరగదమ్మా. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖరారు చేస్తేగానీ అమలు కాదు. పైన సుప్రీంకోర్టు, ఆ పైన రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీ. ఆ బస్సు కేసులో 1995లో ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు అప్పీలు కొట్టేసింది, అర్జీని రాష్ట్రపతి తిరస్కరించారు. 1997 మార్చి 29న ఉరి అని తేదీ కూడా వేశారు. ఒక్క రోజు ముందు సుప్రీంకోర్టు ఆపింది. మళ్లీ అర్జీలు, మళ్లీ ఎదురుచూపు. 1998లో అప్పటి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

ఆ ఏళ్లు నీ కథలో లేవు. నన్నడిగితే నవలంతా అక్కడే ఉంది. తేదీ పడ్డాక ములాఖత్‌కి వచ్చిన తల్లి ఏం మాట్లాడుతుంది? ఉరి ఆగిందని విన్న రోజు, బస్సులో కూతుర్ని పోగొట్టుకున్న ఇంట్లో ఏం జరిగి ఉంటుంది? ఇద్దరు తల్లుల్లో ఒకరినే ఎంచుకోవాలని నీకు ఎవరూ చెప్పలేదు కదా.

ఇంకోటి. అప్పటి గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. బస్సు కేసు రెండున్నరేళ్లలో ఉరిశిక్ష తీర్పుదాకా వచ్చింది, చుండూరుకు మొదటి తీర్పు రావడానికే పదహారేళ్లు పట్టింది. దీన్ని నీ పాత్ర చేత ఉపన్యాసంగా చెప్పించకు, కథ చచ్చిపోతుంది. జైల్లో పాత పేపరు చదువుతూ ఎవడో ఒకడు ఆ రెండూ పక్కపక్కన చూశాడనుకో, చాలు.

చివర్లో తాడు, ముసుగు, తలారి చెమట, ఆ పేజీన్నర తీసెయ్. నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. సినిమాల్లో చూసినట్టే ఉంది.

వీలైతే ఒక హత్య కేసు తీర్పు తెచ్చుకుని పూర్తిగా చదువు. పంచనామాలో ఏమేం వస్తువులు దొరికాయో రాస్తారు. సాక్షులు ఒకరి మాటకు ఒకరు పొంతన లేకుండా చెబుతారు. భాష పొడిగా ఉంటుంది, విసుగు పుడుతుంది, అయినా చదువు. గుంటూరు కోర్టులో ఏదైనా సెషన్స్ కేసు వాయిదా ఉన్న రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చో. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రా. రెండో ప్రతి కాగితం మీదే తీసుకురా, ఫోన్లో చదవలేను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు