లెబనాన్ భద్రతను అరబ్ దేశాలే సైన్యం పంపి చూసుకోవచ్చు కదా?

యునిఫిల్ అనే ఐక్యరాజ్యసమితి దళానికి 2026 డిసెంబరు 31 దాకానే అనుమతి ఉంది కాబట్టి, ఆ తర్వాత దక్షిణ లెబనాన్‌కు అరబ్ దేశాలు సైన్యం పంపొచ్చు కదా అని మీరు అడిగారు. నేను 2021లో మన ఇండియన్ బెటాలియన్‌తో అక్కడ డ్యూటీ చేశాను. నా మాట సూటిగా చెప్తాను: పక్క దేశాల సైన్యం అక్కడ అడుగు పెట్టకూడదు, లెబనాన్ సైన్యానికి జీతం డబ్బులు మాత్రం ఆ దేశాలే పెట్టాలి.

మీరు చెప్పే పద్ధతి ఇంతకు ముందే ఒకసారి నడిచింది. అక్కడ అంతర్యుద్ధం జరుగుతుండగా 1976 అక్టోబరులో రియాద్, కైరోల్లో అరబ్ నాయకులు కూర్చుని సుమారు 30 వేల మందితో అరబ్ నిరోధక దళం పెట్టారు. సౌదీ, సూడాన్, లిబియా, యెమెన్, యూఏఈ వాళ్లు కొంతమంది వచ్చారు గానీ అందులో ఎక్కువ భాగం సిరియా సైన్యమే, అది కూడా జూన్‌లోనే లెబనాన్‌లోకి దిగిపోయిన సైన్యం. 1979 కల్లా మిగతావాళ్లంతా వెళ్లిపోయారు. 1982లో దళం గడువు తీరింది, సిరియా మాత్రం కదల్లేదు. 2005 ఫిబ్రవరిలో మాజీ ప్రధాని రఫీక్ హరీరీని బాంబు పేల్చి చంపాక జనం వీధుల్లోకి వస్తేగానీ ఆ ఏడాది ఏప్రిల్‌లో చివరి సైనికుడు పోలేదు. దాదాపు 29 ఏళ్లు! మా పరిధిలోని ఒక ఊళ్లో ఓ పెద్దాయన, కుర్రతనంలో బీరూట్‌లో పని చేసినాయన, ఆ చెక్‌పోస్టుల దగ్గర కారు ఆపి కాగితాలు అడిగితే ఎంత టెన్షన్ పడేవాళ్లో చెప్పాడు. మళ్లీ ఇంకో దేశం యూనిఫాం అక్కడ కనబడితే ఆయనలాంటి వాళ్లు ఎలా నమ్ముతారు?

ఇంకో సంగతి, ఆ నేల మీద తిరిగితేనే తెలిసేది. దక్షిణ లెబనాన్‌లో మేం తిరిగిన ఊళ్లే చూడండి: హస్బయాలో ద్రూజులు (అక్కడి ఒక చిన్న మత వర్గం), మర్జయూన్‌లో క్రైస్తవులు, ఖియామ్‌లో షియాలు, షెబాలో సున్నీలు, అంతా జీపులో కాసేపట్లో చుట్టేసే దూరం. సౌదీ దళం వస్తే ఖియామ్ వాళ్లు ఒకలా చూస్తారు, ఇరాన్ అండ ఉన్నవాళ్లు వస్తే మర్జయూన్ వాళ్లు ఇంకోలా చూస్తారు. మేం పశువులకు వైద్యం చేసి, మెడికల్ క్యాంపులు పెట్టి అన్ని ఊళ్లలోనూ మాట్లాడగలిగామంటే ఆ గొడవల్లో మనకు ఏ పక్షమూ లేదు కాబట్టే. అన్ని ఊళ్లవాళ్లూ కొడుకుల్ని పంపే సంస్థ అక్కడ ఒకటుంది, అది లెబనాన్ సైన్యం.

ఆ సైన్యాన్ని ఆకలితో ఉంచారు. వాళ్ల డబ్బు లీరా విలువ కుప్పకూలి జీతాలు చిక్కిపోయాయి: 2019 దాకా డాలరుకు 1,507 లీరాలు, ఇప్పుడు సుమారు 89,500. 2020లో సైనికుల భోజనంలోంచి మాంసం తీసేశారు. మాతో జాయింట్ పెట్రోలింగ్‌కు వచ్చే ఓ లెబనీస్ జవాను సెలవు దొరికితే టాక్సీ తోలేవాడు, పెట్రోలు కొరతతో అదీ ఆగిపోయిందని దిగులు పడేవాడు, ఇద్దరు పిల్లలు ఆయనకి. అలాంటి జవాన్లున్న సైన్యాన్నే 2025 ఆగస్టులో వాళ్ల కేబినెట్, ఆయుధాలన్నీ ప్రభుత్వం చేతికే తెచ్చే ప్లాన్ వేయమని అడిగింది. అంటే ఇరాన్ అండ ఉన్న షియా సాయుధ సంస్థ హిజ్బుల్లాను ఎదుర్కోవాలి, పైగా 2024 నవంబరు కాల్పుల విరమణ తర్వాత కూడా ఇజ్రాయెల్ సైన్యం దక్షిణాన ఐదు కొండల మీద నిలిచిపోయింది. అవి ఖాళీ చేయించే ఒత్తిడి అమెరికా నుంచి రావాలి, హిజ్బుల్లాకు ఆయుధాలు ఆపాల్సింది ఇరాన్.

అరబ్ దేశాల వంతు డబ్బు. ఖతార్ 2022లో సైనికుల జీతాలకు 6 కోట్ల డాలర్లు ప్రకటించింది, మంచి పని, అదే ప్రతి ఏటా రాసిపెట్టిన ఒప్పందంలా రావాలి. సౌదీ ఒకప్పుడు లెబనాన్ సైన్యానికి ఇస్తానన్న 300 కోట్ల డాలర్ల సాయాన్ని 2016 ఫిబ్రవరిలో హిజ్బుల్లా మీద కోపంతో ఆపేసింది. దెబ్బ హిజ్బుల్లాకు తగల్లేదు, జవాన్లకే తగిలింది. యునిఫిల్ ఖాళీ చేసే పోస్టుల్లో కూర్చోవాల్సింది వాళ్లే, కాబట్టి ఆ డబ్బు ఇప్పుడే కదలాలి.