కొత్త లారీ కొంటే అబ్బాయి సెటిలవుతాడా?

ప్రశ్న: మాది నందిగామ దగ్గర పల్లె. పది టైర్ల లారీ ఉంది, 2016 మోడల్, ఫైనాన్స్ తీరిపోయింది. నేనే తోలుతాను. ఎక్కువగా సిమెంటు, మిర్చి లోడ్లు. పదేళ్లు నిండితే పర్మిట్ ఇవ్వరు, ఇప్పుడే ఎక్స్ఛేంజ్ చేసెయ్యమని అందరూ అంటున్నారు. షోరూంలో పాత బండికి 9 లక్షలు కట్టారు. పదహారు టైర్ల కొత్త బండికి మిగతా 36 లక్షలు ఫైనాన్స్, నెలకు 78 వేల కిస్తీ, ఐదేళ్లు. మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ పాసై ఏడాదిగా ఖాళీగా ఉన్నాడు. వాడిని బండి మీద పెడదామని ఆలోచన. కొత్త బండి ఉంటే మంచి సంబంధాలూ వస్తాయి. పాతదే బాగు చేయించుకోవాలా, సెకండ్‌హ్యాండ్‌ది చూడాలా, కొత్తది కొనాలా? నా డైరీ పేజీలు కూడా పంపుతున్నాను.

జవాబు: ముందు పర్మిట్ భయం వదిలెయ్యండి. వేరే రాష్ట్రాలకు వెళ్లడానికిచ్చే నేషనల్ పర్మిట్‌కు 12 ఏళ్ల హద్దు రెండు యాక్సిళ్ల బండికి, అంటే ఆరు టైర్లదానికి. మీది మూడు యాక్సిళ్ల బండి, దానికి 15 ఏళ్లు. 2031 దాకా ఆ బెంగ లేదు. ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వెళ్లాలి, అది ఎలాగూ వెళుతూనే ఉన్నారు.

మీ డైరీ నాకు భలే నచ్చింది. 'క్లచ్ ప్లేట్లు 18,500, నార్కట్‌పల్లి, 2 రోజులు.' ఆ చివరి 'రెండు రోజులు' రాసేవాళ్లు తక్కువ. బిల్లులు అందరూ దాచుకుంటారు, బండి ఊరికే నిలబడ్డ రోజుల్ని ఎవరూ లెక్కపెట్టరు. మీ పేజీలు నేనే కూడాను. ఏడాదికి మరమ్మతులు 1,80,000. నిలబడ్డ రోజులు 26. రోజుకు ఖర్చులు పోను 3,000 మిగులుతుందని మీరే రాశారు కాబట్టి పోయిన ఆదాయం 78,000. మొత్తం 2,58,000, నెలకు 21,500. పాత బండి మీ దగ్గర గుంజుకుంటున్నది అంతే. కొత్తది మొదటి నెల నుంచే 78,000 అడుగుతుంది. తేడా 56,500. ఇన్సూరెన్సు, కొత్త బండ్లలో పొగ శుభ్రం చేయడానికి పోసే యూరియా లిక్విడ్ ఇందులో కలపలేదు.

పదహారు టైర్లది ఎక్కువ మోస్తుంది, నిజమే. మోయడానికి సరుకు ఎవరిస్తారు? రిటర్న్ లోడ్ ఎక్కడ దొరుకుతుంది? మిర్చి కల్లాల దారుల్లో ఆ బండి తిరుగుతుందా? షోరూం అబ్బాయి ఈ మాటలు అడగడు, అది అతని పని కాదు.

మార్చాల్సిన రోజు వస్తుంది. డైరీలో నిలబడ్డ రోజులు ఏటికేడు పెరుగుతుంటే, ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ ఒకే ఏడాది దించాల్సి వస్తే, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు దూరం లోడ్లు మీకు కాకుండా పక్కవాళ్లకు ఇస్తుంటే, అప్పుడు ఆలస్యం చేయొద్దు. మీ పేజీల్లో అవేవీ కనబడలేదు. ఈలోగా ఒక పని చేయండి. ఆరు నెలలు, నెలకు 56,000 చొప్పున బ్యాంకులో వేయండి, కిస్తీ కడుతున్నట్టే. వేయగలిగితే 3,36,000 చేతిలో ఉంటుంది, అప్పు అంత తగ్గుతుంది. వేయలేకపోతే ఆ సంగతి అప్పు చేయకుండానే తెలిసిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎవరో వదిలించుకుంటున్న, చరిత్ర తెలియని బండి కన్నా, ప్రతి నట్టు చరిత్రా డైరీలో ఉన్న మీ బండే నయం.

ఎప్పుడు మార్చినా కొత్త బండి రేటు, పాతదాని రేటు విడివిడిగా అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్తది చవకైతే పాతదాన్ని పాత రేటుకు ఎవరు కొంటారు? బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళాలిచ్చి వచ్చేయకండి. ఆర్‌సీలో మీ పేరున్నంత కాలం ఆ బండి ఎవరిని గుద్దినా పరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే చెప్పింది.

ఇక అబ్బాయి. కోపం తెచ్చుకోకండి, మీరు బండి టైర్లు లెక్కపెట్టి రాశారు, కన్నకొడుకు వయసు రాయలేదు. డిప్లొమా అయి ఏడాదంటే 19, 20 ఉండొచ్చు. ఇరవై నిండకుండా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు రాదు, అంతకు ముందు ఏడాది పాటు కారు లైసెన్సు ఉండి తీరాలి. ఉందా? లేకపోతే ఆ 78 వేల కోసం రాత్రుళ్లు బండి తోలేది మీరే. పెళ్లికి చట్టప్రకారం 21 నిండాలి. సంబంధాల టెన్షన్ ఇప్పటి నుంచే ఎందుకు? ఏడాది ఖాళీగా ఉన్నంత మాత్రాన పిల్లవాడు చెడిపోయినట్టు కాదు. మీకేమీ ఆలస్యం కాలేదు.

'సొంత బండి, మనమే ఓనర్' అనే మోజు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఫోన్‌లో లారీ డ్రైవర్ల వీడియోలు నేనూ చూస్తాను. క్యాబిన్‌లో వంట, ఘాట్ రోడ్డు, పొద్దుపొడుపు. కిస్తీ తేదీ మాత్రం ఏ వీడియోలోనూ కనిపించదు. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీల్లో ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. కానీ ఇరవై ఏళ్ల కుర్రాడి నెత్తిన 36 లక్షలు పెడితే వాడు ముందు నేర్చుకునేది నిద్ర మానడం, ఓవర్‌లోడ్ వేయడం.

వాడి చదువుకు వేరే దారి కూడా ఉంది. బీఎస్-6 బండ్లలో, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చే బండ్లలో, సెన్సార్ పోతే ల్యాప్‌టాప్ పెట్టి చూడాలి, సుత్తీ పానాతో తేలదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఏడాది అప్రెంటిస్‌గా చేరనివ్వండి. జీతం తక్కువే, కానీ మీరు కొనబోయే బండిని ముందు విప్పి చూసినవాడవుతాడు. ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకుంటానంటే పట్టుకోనివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి. వాడేమంటున్నాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

ఆ డైరీ ఇవాళ్టి నుంచి వాడి చేత రాయించండి. నెలాఖరున కూడిక వాడే వేసి మీకు చెప్పాలి. మూడు నెలలయ్యాక బండి గురించి వాడేమన్నాడో నాకు రాయండి, ఈసారి వయసుతో సహా.