బాయికి మూసివేత ప్లాన్ ఉంది, ఊరికేది?

ప్రశ్న: ఖనిజాలు ఉండి, ఆదాయం వేగంగా పెరుగుతున్న తెలంగాణ లాంటి రాష్ట్రంలో గనుల ప్రాంతాల అభివృద్ధి పది కాలాల పాటు నిలవాలంటే ప్లాన్ ఎలా వేయాలి?

నేను బెల్లంపల్లిలో పుట్టి పెరిగాను. బొగ్గు గనిని మా వైపు బాయి అంటాం. మా ఇంట్లో ఎవరూ బాయి దిగలేదు, బాపుది కిరాణా దుకాణం. బొగ్గుతో ఊరు ఎలా బతుకుతుందో నాకు తెలిసింది బాపు ఉద్దెర పుస్తకంలో. ఇప్పుడు పట్టణాల మాస్టర్ ప్లాన్లకు సర్వేలు చేసి మ్యాపులు గీసే పనిలో ఉన్నాను. ఈ రెండూ కలిపి చెప్తాను.

ఆ పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. పైన పేరు, పక్కన ఏ బాయి, ఏ షిఫ్టు. జీతాల రోజు రాత్రి పదింటి దాకా దుకాణం కిటకిటలాడేది. బాకీ కట్టి, అదే చేత్తో మళ్లీ బియ్యం బస్తా ఉద్దెరకే తీసుకుపోయేవాళ్లు. తొంభైల చివరికొచ్చేసరికి కొన్ని పేజీల మీద బాపు ఎర్ర పెన్నుతో "బదిలీ" అని రాయడం మొదలైంది. ఒకాయన వచ్చి "సేటూ, నన్ను శ్రీరాంపూర్ ఏసిన్రు. నీ పైసలు యాడికి పోవు" అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. నిజంగానే ఆయన ఆర్నెల్ల తర్వాత బస్సెక్కి వచ్చి కట్టి పోయాడు. అందరూ అట్లా రాలేరు కదా. పోయిన బాకీల కంటే బాపును దెబ్బతీసింది వేరే ఉంది: ఆ ఇళ్లలోకి కొత్త కుటుంబాలు రాలేదు. పాలు పోసేవాళ్లు, టైలర్లు, ట్యూషన్ చెప్పే మాస్టర్లు, ఆటోవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు మంచిర్యాల దారి పట్టారు. 2001, 2011 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి, బెల్లంపల్లి జనం తగ్గారు. రాష్ట్రమంతా పట్టణాలు ఉబ్బిపోతున్న పదేళ్లలో జరిగిన సంగతి ఇది. 2003లో మేమూ దుకాణం ఎత్తేశాం.

ఇందులో ఎవరి తప్పూ వెతకను. లోతు బాయిల్లో మనుషులతో బొగ్గు తీయడం ఖర్చుతో కూడిన పని, ఓపెన్ కాస్ట్‌లో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గనిలో, యంత్రాలు దాన్ని చవకగా తీస్తాయి. తొంభైల్లో సింగరేణిలో లక్ష మందికి పైగా ఉద్యోగులుండేవారు, ఇప్పుడు నలభై వేలకు అటూఇటూ. బొగ్గు మాత్రం రెట్టింపు దాటింది, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. కాబట్టి "గనులున్నాయి, ఊరు బాగుపడుతుంది" అనే లెక్క మా నాన్నల కాలంతోనే చెల్లిపోయింది. ఆదాయం పెరిగితే జిల్లా స్థూల ఉత్పత్తిలో కనబడుతుంది, కిరాణా కొట్టులో కనబడకపోవచ్చు. సింగరేణి తన గనుల్ని ఏరియాలుగా విడగొట్టి నడుపుతుంది. మా ఏరియా పేరు ఇప్పటికీ బెల్లంపల్లే, దాన్ని నడిపే జీఎం ఆఫీసు మాత్రం గోలేటి అనే వేరే ఊళ్లో ఉంటుంది.

ఇక ప్లాన్ విషయం. బొగ్గు గని తెరవాలంటే ముందే మూసివేత ప్లాన్ ఇవ్వాలి. కేంద్ర బొగ్గు శాఖ 2009లో పెట్టిన నియమం ఇది. దానికోసం ఎస్క్రో ఖాతాలో, అంటే వేరే పనికి తీయడానికి వీల్లేని ఖాతాలో, డబ్బు కూడా వేయాలి. అప్పటి ధరల్లో ఓపెన్ కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి 1 లక్ష. గుంతలు సరిచేయడం, మట్టి దిబ్బల మీద మొక్కలు నాటడం, గనిలోకి దిగే దారులు మూయడం వంటి వాటికి ఆ డబ్బు. మంచిదే. కానీ ఆ గనిని నమ్ముకున్న ఊరికి ఇట్లాంటి కాగితం ఎవరూ రాయరు. గని ఎప్పుడు ఆగుతుందో గనుల ఇంజినీరుకు తెలుసు, మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ గీసే నాలాంటివాడికి తెలియదు. మేం పాత జనాభా లెక్కలు తీసుకుని, అదే వేగంతో గీత ముందుకు లాగుతాం. గని మూతబడే ఏడాది కూడా ఆ గీత పైకే పోతుంటుంది! నన్నడిగితే బొగ్గు పట్టణం ప్లాన్ ఆ ఏడాది దగ్గర మొదలై వెనక్కి రావాలి. పదేళ్ల ముందు ఏం కావాలి, అయిదేళ్ల ముందు ఏం కావాలి అని.

అట్లా వెనక్కి వస్తే మొదట తగిలేది భూమి. చాలామందికి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నాకు మాత్రం ఇదే పెద్దది. మా దుకాణం ఉన్న జాగా గని లీజు కిందిది, పట్టా లేదు. గిరాకీ పడిపోయాక బాపు పిండి గిర్ని పెడదామని లోన్ కోసం బ్యాంకుకు పోతే కాగితాలు అడిగారు. ముప్పై ఏళ్లుగా కరెంటు బిల్లు కడుతున్నాడు, తాకట్టు పెట్టడానికి గజం జాగా లేదు. అట్లాంటి ఇళ్లకు పట్టాలిచ్చేందుకు ప్రభుత్వం జీవో 76 తెచ్చింది 2019లో. సంతోషమే, కానీ మా వీధిలో సగం మంది అప్పటికే వెళ్లిపోయారు. అదే పట్టా ఇరవై ఏళ్ల ముందు చేతిలో ఉంటే ఎంతమంది అక్కడే ఏదో ఒకటి పెట్టుకునేవారో! గని నడుస్తుండగా, జీతాలు వస్తుండగా హక్కు ఇస్తేనే దానికి విలువ.

రెండోది డబ్బు. 2015లో చట్టం మార్చి గనులున్న జిల్లాల్లో డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్లు, అంటే జిల్లా ఖనిజ నిధులు, పెట్టారు. తీసిన బొగ్గుకు ప్రభుత్వానికి కట్టేది రాయల్టీ, అది బొగ్గు ధరలో 14 శాతం. పాత లీజులైతే ఆ రాయల్టీలో 30 శాతమంత సొమ్ము అదనంగా ఈ నిధికి కట్టాలి. టన్ను ధర 3,000 రూపాయలనుకోండి, రాయల్టీ 420, జిల్లాకు 126. ఏడాదికి పది లక్షల టన్నులు తీసే ఒక మామూలు గని నుంచి పన్నెండు కోట్ల పైన! ఇందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం వంటి వాటికి ఖర్చు పెట్టాలని 2015 మార్గదర్శకాల్లోనే రాశారు. నేను చూసిన ప్రతిపాదనల కట్టల్లో మాత్రం సీసీ రోడ్లు, ప్రహరీ గోడలు, కమ్యూనిటీ హాళ్లే ఎక్కువ. జనాన్ని తప్పుపట్టలేం. రోడ్డు కంటికి కనబడుతుంది, ఐటీఐలో మంచి వెల్డింగ్ మాస్టారు కనబడడు. బొగ్గు ఆగిన రోజు ఈ నిధికి కొత్తగా పైసా రాదు. కొత్త మార్గదర్శకాల్లో కొంత భాగం ఎండోమెంట్‌గా, అంటే తర్వాతి కాలానికి మూలధనంగా, దాచుకునే వీలు వచ్చింది. కలెక్టర్లు దాన్ని వాడాలంటే పైనుంచి "ఈ ఏడాది నిధులు ఎందుకు మిగిలాయి" అని మెమోలు రాకుండా ఉండాలి.

పరిశ్రమలు పెడితే సరిపోదా అని అడుగుతారు. రామగుండం ఎరువుల కర్మాగారాన్ని చూడండి. బొగ్గు ఉందని బొగ్గుతో నడిచేలా కట్టారు, 1999లో మూతబడింది. 2021లో మళ్లీ ఉత్పత్తి మొదలైనప్పుడు అది నడిచింది పైపులో వచ్చే గ్యాస్‌తో. బొగ్గు పక్కన ఉండటం దానికి రక్ష కాలేదు. సోలార్ అంటారు. మంచిర్యాల దగ్గరి జైపూర్ థర్మల్ ప్లాంటు రిజర్వాయరు మీద తేలే సోలార్ పలకలు చూసి వచ్చాను, చూడముచ్చటగా ఉన్నాయి. కట్టేటప్పుడు పనులుంటాయి, కట్టాక ఎందరికి ఉంటాయి? పెట్టొద్దని కాదు, ఉద్యోగాల ఖాతాలో రాయొద్దంటున్నా.

మంచిర్యాల మాకు ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరం. చుట్టూ అదే బొగ్గు, అదే రైలు మార్గం. అది పెరిగింది. అక్కడ బట్టల వ్యాపారం, ప్రైవేటు ఆసుపత్రులు, 2016 నుంచి జిల్లా కేంద్రం. గని జీతం మీద ఆధారపడని గిరాకీ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చింది. బొగ్గు ఊళ్లకు కావాల్సింది ఇదే: చుట్టూ ఉన్న ముప్పై పల్లెలు ఏదో ఒక పనికి ఆ ఊరికే రావాలి. డయాలసిస్ కేంద్రమో, పత్తి మార్కెట్టో, ట్రాక్టర్ల రిపేరో. పెట్టుబడి తక్కువ, పేపర్లో ఫొటో పడదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

నీళ్ల సంగతి కూడా ఒక మాట. హైదరాబాద్ గోదావరి నీళ్లు తాగుతోందంటే అవి ఎల్లంపల్లి నుంచి పోయేవే, మొదటి దశకే 10 టీఎంసీలు. కరెంటూ ఇటునుంచే పోతుంది. పోనివ్వండి, రాజధాని మనదే. కానీ ప్రాంతీయ ప్లాన్ అని పేరు పెట్టి హైదరాబాద్ చుట్టూ రింగులు గీస్తుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది.

మీ ఊరి దగ్గర కొత్త ఓపెన్ కాస్ట్ వస్తుంటే ఒక పని చేయండి. ప్రజాభిప్రాయ సేకరణకు నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి, కలెక్టరేట్‌లో దొరుకుతుంది. అందులో గని ఆయుష్షు వెతకండి. కొన్నేళ్ల క్రితం ఒక సభలో నేను లేచి ఆ ప్రశ్నే అడిగాను. అప్పటిదాకా మాట్లాడిన వాళ్లంతా ఉద్యోగాలు, పరిహారం గురించి అడిగారు, అది న్యాయమే. నా వంతు వచ్చేసరికి భోజనాల ప్యాకెట్లు దిగాయి, జనం కదులుతున్నారు. మైకు ముందున్న అధికారి కాగితాలు తిరగేసి "ఇరవై రెండేళ్లు" అన్నాడు. నా వెనక కూర్చున్నాయన లేవబోయి మళ్లీ కూర్చుని, వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.

"మా పిల్లగానికి అప్పటికి ముప్పై నిండుతయ్."