డేకేర్ వాళ్ళు మా బాబుని మాన్పించమంటున్నారు, అలా చెయ్యొచ్చా?

మీరు ఉండేది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం అన్నారు కాబట్టి చెప్తున్నానండి, మూడున్నరేళ్ళ పిల్లాడు కొరుకుతున్నాడు, నెడుతున్నాడు అని ఉన్నట్టుండి పంపించెయ్యడానికి ఇక్కడ కుదరదు. 2018 జనవరి 1 నుంచి చట్టం ఉంది, లైసెన్స్ ఉన్న ప్రైవేట్ డేకేర్లకి కూడా వర్తిస్తుంది. ముందు ఏం జరుగుతోందో రాసి పెట్టాలి, మీరు ఒప్పుకుంటే స్క్రీనింగ్ (పిల్లాడి ఎదుగుదల ఎలా ఉందో చూడటం), పిల్లల ప్రవర్తన గురించి టీచర్లకి సలహా ఇచ్చే కన్సల్టెంట్ లాంటి సాయం తెప్పించాలి, ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే అప్పుడు మీతో మాట్లాడి వేరే చోటికి పద్ధతిగా మార్చాలి తప్ప రేపట్నుంచి తీసుకురావద్దు అనకూడదు.

కానీ తీసేస్తున్నాం అని ఎవరూ నోరు తెరిచి అనరు. మా పాపకైతే మధ్యాహ్నం కాకుండానే ఫోన్ వచ్చేది, వచ్చి తీసుకెళ్ళండి అని, మా ఆయనో నేనో ఆఫీస్ వదిలేసి పరిగెత్తేవాళ్ళం, చివరికి "తనకి ఇక్కడ సెట్ అవ్వట్లేదేమో, మీరే ఆలోచించుకోండి" అన్నారు. మీ అంతట మీరు మాన్పిస్తే అది మీ ఇష్టం కింద పోతుంది, అందుకే దయచేసి ఊ అనకండి, ఏం చేశారో ఏం చేస్తారో ఈమెయిల్లో రాసిమ్మనండి. నేను అడిగాకే మీటింగ్ పెట్టారు.

తర్వాత అలాంటి కన్సల్టెంట్ ఒకావిడ వచ్చి క్లాసులో కూర్చుని చూస్తే తేలిందేంటంటే, ఆట ఆపి లోపలికి రమ్మన్నప్పుడే గొడవంతా. ఇంట్లో మేం తెలుగే మాట్లాడతాం, మా పాపకి టీచర్లు చెప్పేది అర్థమయ్యేలోపే చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళు. బొమ్మల కార్డులు పెట్టారు, టీచర్ మా దగ్గర "ఆగు", "అయిపోయింది" నేర్చుకుంది, పాపం చాలా మంచావిడ, ఆవిడకీ ఎవరూ సాయం లేరంతే. మెల్లగా తగ్గింది.

ఇది మన ఒక్కళ్ళ బాధ కాదండి. యేల్ యూనివర్సిటీలో వాల్టర్ గిలియం 2005లో చేసిన స్టడీలో, ప్రభుత్వ ప్రీకే (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసులు) నుంచి పిల్లల్ని తీసేసే రేటు కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో క్లాసు దాకా ఉండే స్కూళ్ళకంటే మూడు రెట్ల పైనే ఉంది, ఇలాంటి కన్సల్టెంట్ అందుబాటులో ఉన్న క్లాసుల్లో మాత్రం తక్కువ. అమెరికా ప్రభుత్వ 2011-12 లెక్కల్లో ప్రీస్కూల్ పిల్లల్లో నల్లజాతి పిల్లలు 18 శాతమే, ఒకటికి మించి సస్పెండ్ అయినవాళ్ళలో మాత్రం 48 శాతం, నాలుగేళ్ళ పిల్లలండీ!

బాబుకి మూడు దాటాయి కాబట్టి మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (మీ ఏరియాలో ప్రభుత్వ స్కూళ్ళు నడిపేవాళ్ళు) కూడా ఎవాల్యుయేషన్, అంటే బాబుకి ప్రత్యేక సాయం అవసరమా అని చూసే పరీక్ష, కావాలని తేదీ వేసి లెటర్ పెట్టండి, ప్రైవేట్ డేకేర్లో ఉన్నా ఫ్రీయే, 14 స్కూల్ రోజుల్లోపు చేస్తారో లేదో వాళ్ళు చెప్పి తీరాలి.